ఛార్జింగ్ స్లాట్‌లో వేరే కారు ఉంటే గొడవ ఎవరితో పెట్టుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. 9 శాతం బ్యాటరీతో ఫాస్ట్ ఛార్జర్ దగ్గరికి వెళ్ళారు. యాప్‌లో ఖాళీ అని ఉంది. తీరా వెళ్తే రెండు స్లాట్లలోనూ పెట్రోలు కార్లు. సెక్యూరిటీ అతను "ఎవరివో తెలీదు సార్" అన్నాడు. 40 నిమిషాలు కాచుకున్నాక ఒకాయన వచ్చాడు, మాటా మాటా పెరిగింది. అలాంటి కారుకి మన కారు అడ్డం పెట్టొచ్చా, గాలి తీసేస్తే తప్పేంటి, పోలీసులకి చెప్తే వస్తారా, అసలు దీనికో దారి ఉందా అని అడుగుతున్నారు.

నేను ఎలక్ట్రిక్ కారు నడపడం మొదలుపెట్టి ఏడేళ్ళు. అందులో మూడేళ్ళు ఒక పెద్ద కాంప్లెక్స్ పార్కింగ్ కమిటీలో ఉన్నాను. స్లాట్ దొరక్క తిట్టుకున్నవాణ్ణీ నేనే, తర్వాత స్లాట్ చూసుకోలేదని తిట్లు తిన్నవాణ్ణీ నేనే. రెండు వైపులా చూశాక నాకు తేలిందేంటంటే, ఆ కారు ఓనరుతో మీకు ఉండాల్సిన పని చాలా కొంచెం. అసలు పని ఆ స్థలాన్ని నడిపేవాళ్ళతో.

ఆ పూట మీకు కావలసింది కరెంటు. ఆ తర్వాత కావలసింది ఆ స్లాట్‌లో మళ్ళీ ఎవరూ పెట్టకుండా చూడడం. ఈ రెండూ వేరు వేరు పనులు. రెండిటినీ కలిపేసి, అప్పటికప్పుడే న్యాయం కూడా జరిగిపోవాలని పట్టుబట్టబట్టే 40 నిమిషాలు పోయి, మూడ్ పోయి, బ్యాటరీ మాత్రం 9 నుంచి 8కి వచ్చింది.

ముందు యాప్ సంగతి. చాలామంది యాప్‌ని నమ్మి మోసపోయామనుకుంటారు. యాప్ అబద్ధం చెప్పలేదు. ఛార్జర్‌కి తెలిసిందల్లా తన గన్ (కేబుల్ చివర ఉండే ప్లగ్) ఏదైనా బండికి తగిలించి ఉందా లేదా అన్నదే. ఎదురుగా కారు ఉందో, సిమెంటు బస్తాలు ఉన్నాయో దానికి కళ్ళు లేవు. కాబట్టి పెట్రోలు కారు అడ్డంగా ఉన్న ఛార్జర్ యాప్‌లో ఎప్పుడూ పచ్చగా "ఖాళీ" అనే కనిపిస్తుంది. పైగా మిగతావన్నీ బిజీగా ఉండి అదొక్కటే ఖాళీగా కనిపిస్తే అందరూ అక్కడికే వస్తారు. అందుకే బయల్దేరే ముందు ఆ స్టేషన్ గురించి ఇటీవల వాడినవాళ్ళు ఏం రాశారో చూడండి. ప్లగ్‌షేర్ లాంటి యాప్‌లలో "స్లాట్ బ్లాక్ అయి ఉంది" అని రాసేవాళ్ళు ఉంటారు. మీరూ రాయండి. ఒకే స్టేషన్ గురించి అలాంటివి రెండు మూడు కనిపిస్తే అక్కడది రోజువారీ జబ్బు అని అర్థం, వేరే చోటు చూసుకోవడం మేలు.

ఇప్పుడు 9 శాతం లెక్క. మీది 40 యూనిట్ల (kWh) బ్యాటరీ అనుకుందాం. 9 శాతం అంటే 3.6 యూనిట్లు. యూనిట్‌కి 7 కిలోమీటర్లు వస్తాయనుకుంటే 25 కిలోమీటర్లు, అదీ చివరి బొట్టు దాకా. 15 కిలోమీటర్ల లోపల ఇంకో ఛార్జర్ ఉంటే, కాచుకోవాలా వెళ్ళాలా అన్నది మొదటి 10 నిమిషాల్లోనే తేల్చుకోవాలి. ఎందుకంటే ఎండలో ఏసీ వేసుకుని కూర్చుంటే గంటకి ఒకటి, ఒకటిన్నర యూనిట్లు సులువుగా పోతాయి. అంటే కాచుకునే ప్రతి గంటా మీ చేతిలో ఉన్న 25 కిలోమీటర్లలో 7 నుంచి 10 తినేస్తుంది. కోపంతో కూర్చున్నవాళ్ళు ఈ లెక్క వేయరు. నేనూ ఒకసారి వేయలేదు, చివరికి బండిని లారీ మీద ఎక్కించుకుని ఇంటికి వెళ్ళాను. అప్పటి నుంచి ఏ ఛార్జర్‌కైనా 20 శాతం మిగిలేలా చేరుకుంటాను, రెండో ఛార్జర్ పేరు ముందే చూసి పెట్టుకుంటాను. దగ్గర్లో ఎవరైనా మామూలు సాకెట్ ఇస్తామంటే బండితో వచ్చిన పోర్టబుల్ ఛార్జర్ పెట్టుకోండి. అరగంటకి ఒక యూనిట్, కాస్త ఎక్కువే ఎక్కుతుంది. పక్క ఛార్జర్ దాకా వెళ్ళడానికి ఒక్కోసారి ఆ పది కిలోమీటర్లే చాలు.

వెళ్ళకుండా అక్కడే ప్రయత్నిద్దాం అనుకుంటే, ముందు కేబుల్ అందుతుందేమో చూడండి. స్లాట్ నిండి ఉన్నా పక్క ఖాళీలో పెట్టి, బండిని తిప్పి పెడితే గన్ అందే సందర్భాలు మీరనుకునేదానికంటే ఎక్కువ. కొన్ని బళ్ళకి పోర్టు, అంటే గన్ పెట్టే చోటు, ముందు బంపర్‌లో, కొన్నిటికి వెనక చక్రం మీద, కొన్నిటికి డ్రైవర్ తలుపు ముందు ఉంటుంది. ముందుకి పెట్టడమా వెనక్కి పెట్టడమా అన్న చిన్న తేడాలోనే అర మీటరు, మీటరు కలిసొస్తుంది. అయితే కేబుల్ తాడులా బిగుసుకోకూడదు, ఆ బరువంతా మీ పోర్టు మీద పడుతుంది. అవతలివాళ్ళ బానెట్ మీదుగా లాగకూడదు. మనుషులు నడిచే దారికి అడ్డంగా వేయకూడదు. ఫాస్ట్ ఛార్జర్ గన్‌కి ఎక్స్‌టెన్షన్ అని అమ్మేవాటి జోలికి అసలు వెళ్ళొద్దు. అంత కరెంటుని ఊరూ పేరూ లేని జాయింట్ల మీదుగా పంపించడం ఆటలు కాదు.

తర్వాత ఓనరుని వెతకడం. "ఎవరివో తెలీదు" అనేది సెక్యూరిటీ వాళ్ళ మొదటి జవాబు, చివరిది కాదు. గేటు దగ్గర నంబర్లు రాసుకునే పుస్తకం ఉందా అని అడగండి. మైకులో నంబరు చెప్పించమని అడగండి. వాలే పార్కింగ్ (తాళాలు తీసుకుని వాళ్ళే కారు పెట్టే ఏర్పాటు) ఉన్నచోట అయితే నేరుగా వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళండి. ఒకసారి గంటసేపు ఒక కారు ఓనరుని మనసులో తెగ తిట్టుకున్నాను. పాపం ఆయనకి తన కారు ఎక్కడుందో కూడా తెలీదు. వాలే కుర్రాడు గేటుకి దగ్గరగా ఉందని అక్కడ పెట్టేశాడు, తాళాలు అతని డ్రాయర్‌లోనే ఉన్నాయి. రెండు నిమిషాల పని. నేను అడగలేదంతే.

ఛార్జర్ కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే వాళ్ళు వచ్చి కారు తీయరు. అయినా చేయండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. దాని ఉపయోగం కింద చెప్తాను.

ఓనరు దొరికితే ఎలా మాట్లాడాలి? "పెట్రోలు బంకులో పంపు ముందు కారు పెట్టి ఎవరైనా షాపింగ్‌కి వెళ్తారా?" అన్న పోలిక మనందరి నోటి చివర ఉంటుంది. నేనూ చాలాసార్లు వాడాను. ఒక్కసారి కూడా పని చేయలేదు. అది ప్రశ్న కాదు, దెప్పు. విన్న మనిషి తప్పు ఒప్పుకోవడం మానేసి, తిప్పికొట్టే మాట కోసం వెతుక్కుంటాడు. "బోర్డు ఎక్కడుంది చూపించు" అంటాడు. నిజంగానే అక్కడ బోర్డు ఉండదు. పని చేసింది మన అవసరం చెప్పడమే: "సార్, నా బండిలో 9 శాతమే ఉంది. ఇక్కడ ఎక్కించుకోకపోతే ఇంటి దాకా వెళ్ళదు. కొంచెం తీస్తారా?" అంతే. ఇది విని తీయనివాళ్ళని ఏడేళ్ళలో ఇద్దర్నే చూశాను.

ఓనరు దొరక్కపోతే వైపర్ కింద ఒక చీటీ. నా చీటీలో ఇలా ఉంటుంది: "నమస్కారం. ఇది ఎలక్ట్రిక్ కార్లు ఛార్జ్ చేసుకునే చోటు. గుర్తు సరిగా కనిపించదు, మీరు గమనించి ఉండరు. మేం ఇక్కడ ఛార్జ్ చేసుకోలేక ఇబ్బంది పడ్డాం. ఇంకోసారి పక్క వరసలో పెట్టగలరు." ఆ "గమనించి ఉండరు" అన్న వాక్యం ముఖ్యం. ఆ మనిషికి తప్పించుకునే దారి ఇస్తుంది. జిగురు స్టిక్కర్లు మాత్రం వద్దు. అద్దం పాడైందని మీ మీదే ఫిర్యాదు వస్తుంది.

మీరు అడిగిన మిగతావాటికి జవాబు: వద్దు. మన కారు అడ్డం పెడితే ఇంట్లో ఎవరికో బాగాలేదని పరుగెత్తుకొచ్చిన మనిషికి దారి లేకుండా చేసినవాళ్ళం అవుతాం. గాలి తీస్తే కేసు మన మీదకే రావచ్చు. పైగా గాలి తీసిన కారు ఆ స్లాట్‌లోంచి ఇంకా ఆలస్యంగా కదులుతుంది, ఇది ఎవరికీ తట్టదెందుకో. నంబరు ప్లేటు ఫొటో పెట్టి నలుగురిలో తిట్టడం కూడా అంతే. వాలే కుర్రాడి కథ గుర్తు తెచ్చుకోండి.

ఇక్కడ ఇంకో మాట. ఛార్జర్ మీద ఎర్రటి బటన్ ఉంటుంది కదా, ఎమర్జెన్సీకి. ఛార్జ్ అయిపోయినా కదలని కారు గన్ ఊడదీయడానికి దాన్ని నొక్కేవాళ్ళని చూశాను. అది నిప్పు, షాక్ లాంటి ప్రమాదాల కోసం. నొక్కితే ఆ ఛార్జర్ మీదున్న రెండో బండి ఛార్జింగ్ కూడా ఆగిపోవచ్చు. కొన్నిచోట్ల మనిషి వచ్చి రీసెట్ చేసేదాకా ఆ ఛార్జర్ ఎవరికీ పనికి రాదు. ఒకరి మీద కోపంతో అందరి ఛార్జరూ ఆపేసినట్టు.

కదలని కారు అన్నాను కాబట్టి, మనకి నచ్చని విషయం కూడా మాట్లాడుకుందాం. కమిటీలో ఉన్నప్పుడు సెక్యూరిటీ చేత ఒక పుస్తకం పెట్టించాను. ఛార్జింగ్ స్లాట్‌లో ఏ బండి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్ళింది, గన్ పెట్టారా లేదా. నెల తర్వాత చూస్తే నాకు రెండు సంగతులు కనిపించాయి. పెట్రోలు కార్లలో మళ్ళీ మళ్ళీ వచ్చేవి అవే నాలుగైదు నంబర్లు, అందులో ఒకటి కమిటీ సభ్యుడిదే. రెండోది ఇంకా చేదు. స్లాట్‌ని ఎక్కువ గంటలు పట్టి ఉంచినవి పెట్రోలు కార్లు కావు, ఛార్జ్ అయిపోయాక కూడా అలాగే ఉండిపోయిన ఎలక్ట్రిక్ కార్లు. పొద్దున గన్ పెట్టి సాయంత్రం తీసేవాళ్ళు. గన్ పెట్టకుండానే "నాది ఎలక్ట్రిక్కే కదా" అని నిలిపేవాళ్ళు. నా కారు నంబరూ ఉంది అందులో, రెండుసార్లు.

ఫాస్ట్ ఛార్జర్ దగ్గర దీని ఖరీదు ఎక్కువ. 60 యూనిట్ల బ్యాటరీని 50 కిలోవాట్ల ఛార్జర్ మీద 10 నుంచి 80 శాతం చేయడానికి దాదాపు 50 నిమిషాలు. 80 దాటాక బ్యాటరీ తనని తాను కాపాడుకోవడానికి కరెంటు తీసుకోవడం బాగా తగ్గించేస్తుంది. మిగిలిన 20 శాతానికి చాలా బళ్ళలో ఇంచుమించు అంతే సమయం పడుతుంది. దూరప్రయాణంలో తర్వాతి ఛార్జర్ చాలా దూరం ఉంటే తప్ప, వెనక ఎవరో కాచుకుని ఉండగా 100 దాకా కూర్చోవడం మర్యాద కాదు. రాత్రంతా పెట్టుకునే నెమ్మది ఛార్జర్ల దగ్గర ఈ పట్టింపు అక్కర్లేదు. 7 కిలోవాట్ల మీద అదే బ్యాటరీకి ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది, అర్ధరాత్రి లేచి కారు తీయమంటే ఎవరూ తీయరు.

గన్ తగిలించి ఉన్న ఇంకొకరి బండిని ముట్టుకోకండి. ఫాస్ట్ ఛార్జింగ్ నడుస్తున్నంతసేపూ గన్ బండికి లాక్ అయి ఉంటుంది, లాగితే రాదు, బలవంతం చేస్తే పోర్టు విరుగుతుంది. నెమ్మది ఛార్జర్ల మీద కొన్ని కార్లలో ఛార్జ్ పూర్తి కాగానే లాక్ వదిలే సెట్టింగ్ ఉంటుంది. మీ కారులో ఉంటే పెట్టుకోండి. డాష్‌బోర్డ్ మీద ఒక కార్డు పెట్టండి: "సాయంత్రం 6 కి వస్తాను. ఛార్జ్ అయిపోతే గన్ తీసుకోవచ్చు." ఫోన్ నంబరు రాయడం ఇష్టం లేనివాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, నంబరు సెక్యూరిటీ దగ్గర ఇచ్చి "నంబరు సెక్యూరిటీ దగ్గర ఉంది" అని కార్డు మీద రాస్తే చాలు.

గన్ పెట్టి గంటలకొద్దీ కదలనివాళ్ళకి ఛార్జర్ కంపెనీల దగ్గర మందు ఉంది. అమెరికా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ టెస్లా 2016 డిసెంబరులోనే, తన ఛార్జర్ల దగ్గర ఛార్జ్ అయిపోయాక కూడా కదలని కార్లకి నిమిషాల లెక్కన రుసుము వేయడం మొదలుపెట్టింది. తర్వాత మరికొన్ని కంపెనీలు అదే దారి పట్టాయి. బాగానే పని చేస్తుంది. కానీ ఆ రుసుము ఎవరికి పడుతుంది? గన్ తగిలించి, యాప్‌లో ఖాతా ఉన్నవాళ్ళకి. పెట్రోలు కారు గన్‌ని ముట్టుకోదు, ఖాతా ఉండదు. అది రోజంతా అక్కడ ఉన్నా ఛార్జర్ కంపెనీ ఒక్క పైసా వేయలేదు. వేయగలిగేది, తీయించగలిగేది ఆ స్థలం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే. నేను మొదట్లో అన్నది అందుకే.

పోలీసుల సంగతీ దీనికి ముడిపడే ఉంది. ప్రభుత్వ రోడ్డు మీద, అధికారికంగా నోటిఫై చేసి బోర్డు పెట్టిన స్లాట్ అయితే వాళ్ళు చలాన్ వేయగలరు. ప్రైవేటు స్థలంలో వాళ్ళు ఎంతవరకు కల్పించుకోగలరన్నది అక్కడి చట్టాన్ని బట్టి ఉంటుంది, చాలాసార్లు అది యజమాని నియమాల మీదే ఆధారపడుతుంది. రెండు చోట్లా బోర్డు మీది మాటలే ప్రాణం. "ఎలక్ట్రిక్ వాహనాలకు మాత్రమే" అని ఉంటే, గన్ పెట్టకుండా వారం రోజులు నిలిపిన ఎలక్ట్రిక్ కారు కూడా నియమం ప్రకారం సబబే. "ఛార్జింగ్ అవుతున్న వాహనాలకు మాత్రమే" అని ఉండాలి. అమెరికాలో కాలిఫోర్నియా వాహన చట్టం ఈ రెండో దారిలోనే వెళ్ళింది: అలా గుర్తించిన స్లాట్‌లో నిలపాలంటే బండి ఛార్జర్‌కి తగిలించి ఉండాలి. కొన్ని దేశాలు ఎలక్ట్రిక్ బళ్ళకి వేరే నంబరు ప్లేట్లు ఇస్తున్నాయి. మన దగ్గర 2018 నుంచి పచ్చ ప్లేట్లు, బ్రిటన్‌లో 2020 డిసెంబరు నుంచి పక్కన పచ్చ పట్టీ. దూరం నుంచే తెలిసిపోతుంది కాబట్టి సెక్యూరిటీకి పని తేలిక. కానీ ప్లేటు బండి రకం చెప్తుంది, ఛార్జ్ అవుతోందో లేదో చెప్పదు.

సరే, స్థలం వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఏం అడగాలి? "మీ సెక్యూరిటీ పట్టించుకోవట్లేదు" అని వెళ్తే ఆ సెక్యూరిటీ అతనికి నాలుగు అక్షింతలు పడతాయి, పరిస్థితి మారదు. పాపం అతనికి ఖరీదైన కారు ఓనరుని ఆపే అధికారం ఎవరిచ్చారు? అడగాల్సింది ఆ అధికారమే. కారు లోపలికి వస్తున్నప్పుడే "సార్, అది ఛార్జింగ్ చోటు, ఇటు పెట్టండి" అనే హక్కు, వినకపోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలియడం. కారు నిలిపి, తాళం వేసి వెళ్ళిపోయాక అతను ఏమీ చేయలేడు. ఆపగలిగేది ఆ పది సెకన్లలోనే.

రెండోది రంగు. గోడ మీద చిన్న బోర్డు పెట్టి, నేల మీద ప్లగ్ బొమ్మ గీసి చేతులు దులుపుకుంటారు. స్లాట్‌లోకి కారు వచ్చాక నేల మీద బొమ్మ దాని కిందకి పోతుంది, పొడుగు బండి అయితే బోర్డు కూడా కనిపించదు. స్లాట్ మొత్తం ముదురు పచ్చ రంగు వేసి, బోర్డు తల ఎత్తున పెట్టి, రాత్రి దాని మీద దీపం పడేలా చేస్తే, మా దగ్గర పొరపాటున పెట్టేవాళ్ళు దాదాపు ఆగిపోయారు. తెలిసి పెట్టేవాళ్ళు ఆగలేదనుకోండి, కానీ "చూళ్ళేదండీ" అనే సాకు పోయింది. కోన్లు పెట్టడం కూడా పని చేస్తుంది, వాటిని తీసి పెట్టే మనిషి ఉన్నంతకాలం. మడిచే ఇనప లాకులు కొన్నాం, మూడు నెలల్లో ఒకటి వంగింది, ఒకటి తుప్పు పట్టింది. ఇంకోసారి కొనను.

మూడోది చోటు. కరెంటు ప్యానెల్‌కి దగ్గరని, చూడ్డానికి గొప్పగా ఉంటుందని ఛార్జర్లని గుమ్మం పక్కన, నీడలో పెడతారు. అది అందరికీ కావలసిన చోటు. పార్కింగ్ నిండిపోయి అదొక్కటే ఖాళీగా కనిపిస్తుంటే, నాలుగు చుట్లు తిరిగి విసిగినవాడికి ఎంత పచ్చ రంగు వేసినా ఆగడం కష్టం. కొత్తగా పెట్టేటప్పుడు చివరి వరసలో పెట్టమనండి. కేబుల్ ఖర్చు కాస్త పెరుగుతుంది, తగువులు సగానికి తగ్గుతాయి. అలాగే వాడేవాళ్ళు ఇద్దరుంటే పది స్లాట్లు పట్టి ఉంచడం కూడా తప్పే. ఖాళీ స్లాట్లు చూసి చూసి మిగతావాళ్ళకి మన మీద కసి పుడుతుంది. ముందు రెండు పెట్టి, మిగతావాటికి కేబుల్ వెళ్ళే పైపులు మాత్రం వేసి ఉంచితే చాలు.

ఇవన్నీ అడగడానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఫొటో తీస్తే ఒకే ఫొటోలో కారు నంబరు, ఛార్జర్, బోర్డు (లేదా బోర్డు లేకపోవడం) పడాలి. తేదీ, టైము రాసుకోండి. హెల్ప్‌లైన్ ఇచ్చిన ఫిర్యాదు నంబర్లు ఇక్కడే పనికొస్తాయి. ఛార్జర్ కంపెనీకీ స్థలం వాళ్ళకీ మధ్య ఒప్పందం ఉంటుంది, స్లాట్లు ఖాళీగా ఉంచే బాధ్యత ఎవరిదో చాలాసార్లు అందులోనే రాసి ఉంటుంది. కాబట్టి ఉత్తరం ఇద్దరికీ కలిపి ఒకటే పంపండి. మీకు జరిగిన అన్యాయం గురించి ఒక్క వాక్యం చాలు. మిగతాది ఆ రోజు ఎన్ని గంటలు రెండు గన్లూ ఊరికే వేలాడాయో రాయండి. నాకు జవాబు తెచ్చినవి ఆ గంటల లెక్క ఉన్న ఉత్తరాలే.

మీరు పెట్టిన ఫొటో ఇప్పుడే మళ్ళీ చూశాను. ఛార్జర్ రెండు స్లాట్ల మధ్యలో లేదు, కుడి చివరన ఉంది. ఆ పక్కనే మామూలు స్లాట్ ఒకటి ఉంది, అందులో ఎవరూ లేరు. మీ బండికి పోర్టు ముందు ఎడమ వైపు అన్నారు కాబట్టి, ఆ మామూలు స్లాట్‌లోకి ముక్కు ముందుకి పెట్టి వెళ్ళి ఉంటే గన్ అందేదనుకుంటున్నాను. ఈసారి వెళ్ళినప్పుడు ఒకసారి పెట్టి చూసి చెప్పండి.